ఏ పెట్టె కొనాలి? నల్లగొండ, పాలమూరు ఇళ్లలో హోమ్ థియేటర్‌కు కరెంటు కాపలా

మే నెల సాయంత్రం. ఈదురుగాలి లేచింది. వీధి చివరి వేపకొమ్మ కరెంటు తీగల మీద ఊగుతున్నది. హాల్లో సినిమా నడుస్తుండగా ఫ్యాను ఒక్కసారిగా వేగం అందుకుంది. గోడ మీది లైటు కళ్లు చెదిరేంత తెల్లగా వెలిగింది. టీవీ వెనుక టప్పుమని చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన. అంతా నాలుగైదు సెకన్లు. నల్లగొండలో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. టీవీ పవర్ బోర్డు పోయింది, సబ్‌వూఫర్ పోయింది, యాంప్లిఫయర్‌లో స్టాండ్‌బై బోర్డు పోయింది. వీటన్నిటికీ కాపలాగా పెట్టిన స్పైక్ గార్డును విప్పి చూస్తే లోపలి బిళ్లలు మూడూ బొగ్గయి ఉన్నాయి. అదే క్షణంలో పక్కింట్లో ఏసీ మూలిగి ఆగిపోయిందట. మరేమీ కాలేదు. ఒకే స్తంభం, ఒకే గాలి. మాకు వోల్టేజీ ఎగిసింది, వాళ్లకు పడిపోయింది. ఈ తేడా ఎక్కడిదో తెలుసుకోబోయి నేను ఇంత దూరం వచ్చాను.

ఆ తర్వాత చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, మంచి పవర్ కండిషనర్ ఏది?" దుకాణానికి వెళ్తే ఆ పేరు మీద చూపించే పెట్టెలు ఒక జాతివి కావు. స్పైక్ గార్డునూ అదే అంటారు, స్టెబిలైజర్‌నూ అదే అంటారు, యూపీఎస్‌నూ అదే అంటారు. ఇక ఆడియో దుకాణాల్లో దొరికే ఖరీదైన అల్యూమినియం పెట్టె సంగతి వేరు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర ఉండదు కదా. అందుకే ముందు మన కరెంటుకున్న జబ్బు ఏదో తేల్చుకోవాలి. నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల వరకు నా అభిప్రాయం స్పష్టం: ఇక్కడ హోమ్ థియేటర్లను చంపేది న్యూట్రల్, ఆ తర్వాత పిడుగు. పెట్టె కొనడం మూడో మెట్టు. మొదటి రెండు మెట్లు మీటరు బోర్డు దగ్గరా, ఇంటి పక్క మట్టిలోనూ ఉన్నాయి.

పుట్టేది ఇక్కడే

కరెంటు లేని నేల కాదిది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రానిది 900, జూరాలది 234. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని 4,000 మెగావాట్లకు కట్టారు. కానీ మన హాల్లోకి వచ్చే కరెంటు గుణాన్ని తేల్చేది కేంద్రం కాదు, చివరి అర కిలోమీటరు. సబ్‌స్టేషన్ నుంచి 11 కేవీ తీగ వస్తుంది, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది, అక్కడి నుంచి మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ వీధుల వెంట సాగుతాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎన్ని ఇళ్లున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి, బోల్టులు ఎంత బిగువుగా ఉన్నాయి అన్నవే అసలు లెక్కలు.

దీనికి తోడు బోరు మోటార్లు. నల్లగొండ, పాలమూరు రెండూ బోర్ల మీద బతికే మెట్ట ప్రాంతాలు. 2017 జూలైలో పాత నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాల్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటును ప్రయోగంగా ఇచ్చి చూశారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా అమలు చేశారు. అంతకు ముందు విడతలవారీ కరెంటు కాలంలో ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. మోటారు లేచే క్షణంలో మామూలుగా తాగే దానికి ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. వంద మోటార్లు ఒకేసారి గుంజితే ఫీడరు కుంగుతుంది. 24 గంటల సరఫరా వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. ఆ కోరిక వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. అయినా యాసంగిలో వరి పొట్టకొచ్చే వేళ ఊళ్లలో వోల్టేజీ దిగడం, అర్ధరాత్రి మోటార్లూ ఏసీలూ తగ్గాక అదే తీగలో పైకి లేవడం ఇప్పటికీ మామూలే. మిర్యాలగూడ వంటి చోట రైస్‌మిల్లుల పెద్ద మోటార్ల ప్రభావం కూడా కలుస్తుంది.

కాబట్టి పెట్టె కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ తెచ్చుకోండి. వారం రోజులు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, దీపాల వేళ, రాత్రి పదకొండు దాటాక అంకె రాసిపెట్టండి. మన దేశంలో ఇంటి కరెంటు ప్రమాణం 230 వోల్టులు. పది శాతం అటూ ఇటూ అంటే 207 నుంచి 253. 1956 నాటి విద్యుత్ నిబంధనలు ఆరు శాతం తేడానే ఒప్పుకునేవి. మీ అంకెలు ఈ హద్దుల్లోనే తిరుగుతుంటే మీకు స్టెబిలైజర్ అక్కరలేదు. హద్దు దాటితే 1912కు ఫోన్ చేసి రాయించండి. వారం నాటి చిట్టా చేతిలో ఉంటే మాటకు బరువు ఉంటుంది.

లో వోల్టేజీ గురించి మనకున్న భయం పాత టీవీల కాలం నాటిది. కరెంటు దిగితే బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది. టీవీ కింద స్టెబిలైజర్ ముల్లు చూడకుండా స్విచ్ వేసేవాళ్లు కాదు. వీ-గార్డ్ 1977లో కొచ్చిలో మొదలైంది ఈ స్టెబిలైజర్లతోనే. ఇవాళ్టి ఎల్‌ఈడీ టీవీ, సెట్‌టాప్ బాక్సు, ప్లేయరు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునేలా తయారవుతున్నాయి. ఎస్‌ఎంపీఎస్ అనే లోపలి సరఫరా ఆ పని చేస్తుంది. వాటికి 170 వచ్చినా ఇబ్బంది లేదు. పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏవీ రిసీవర్‌కు మాత్రం 190 వోల్టులు వస్తే గరిష్ఠ శక్తి మూడో వంతు దాకా తగ్గుతుంది. పేలుడు సన్నివేశంలో శబ్దం పలచబడుతుంది. కాలిపోదు. లో వోల్టేజీతో నలిగిపోయేది ఫ్రిజ్జు, మోటారు. హోమ్ థియేటర్‌ను కాల్చేది హై వోల్టేజీ.

న్యూట్రల్ పోతే

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. ఒక ఫేజుకూ ఇంకో ఫేజుకూ మధ్య 400. వీధిలో నా ఇల్లు ఒక ఫేజు మీద, పక్కిల్లు ఇంకో ఫేజు మీద ఉంటాయి. ఇద్దరికీ న్యూట్రల్ ఒక్కటే. అది తెగినా, బోల్టు వదులైనా మా రెండిళ్లూ ఆ 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి కట్టినట్టు అవుతాయి. ఎక్కువ సామాను నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజీ, తక్కువ నడుస్తున్న ఇంటికి ఎక్కువ. పక్కింట్లో వెయ్యి వాట్లు, మా ఇంట్లో వంద వాట్లు ఉన్నాయనుకోండి. లెక్క కడితే మా టీవీకి దాదాపు 364 వోల్టులు వస్తాయి. పక్కింటికి మిగిలేది ముప్పై ఆరు. ఆ సాయంత్రం వాళ్ల ఏసీ మూలగడం, మా లైటు మండిపోవడం ఒకే లెక్కకు రెండు వైపులు.

టప్పుమన్న ఆ చప్పుడుకూ లెక్క ఉంది. 230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ, శిఖరం కాదు. అల శిఖరాన అది 325ను తాకుతుంది. టీవీ పవర్ బోర్డులో ఆ శిఖరాన్ని నిల్వ చేసే కెపాసిటర్ 400కో 450కో తయారై ఉంటుంది. 364 వోల్టులు వస్తే శిఖరం 510 దాటుతుంది. డబ్బా పగులుతుంది. స్పైక్ గార్డులోని బిళ్లలను వేరిస్టర్లు అంటారు. మైక్రోసెకన్ల పాటు వచ్చే స్పైకును అవి మింగగలవు. ప్రతి అలలోనూ, సెకనుకు వందసార్లు మింగాల్సి వస్తే వేడెక్కి కాలిపోతాయి. మంచి గార్డులో వేడికి తెగిపోయే ఫ్యూజు ఉంటుంది. చవక గార్డులో అదీ ఉండదు; ప్లాస్టిక్ అంటుకుంటుంది. నాలుగు మెరిసే దీపాలున్న ఎక్స్‌టెన్షన్ బాక్సును కాపలాగా నమ్మి నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదని ఈ పేరా రాస్తున్నాను.

కంప్యూటర్ పరికరాలు ఎంత తట్టుకోవాలో చెప్పే ఐటీఐసీ రేఖ అమెరికాలో ప్రసిద్ధం. కరెంటు 20 మిల్లీసెకన్లు పూర్తిగా లేకపోయినా పరికరం నడవాలంటుంది. మామూలు కంటే 20 శాతం ఎక్కువ వస్తే మాత్రం అర సెకనే గడువు. మన లెక్కలో అది 276 వోల్టులు. 364 దగ్గర ఆ గడువు కూడా ఉండదు. కాబట్టి మనకు కావాల్సిన మొదటి వస్తువు అర సెకను లోపల తీగను కోసేసేది. దాని పేరు ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. ఎంసీబీల వరసలో కూర్చుంటుంది, ముఖాన అంకెలు కనిపిస్తాయి. పై హద్దు 265, కింది హద్దు 170, తిరిగి కలపడానికి మూడు నిమిషాల ఆలస్యం పెట్టుకుంటే మన ఊళ్లకు సరిపోతుంది. పోయిన కరెంటు తిరిగొచ్చిన తొలి నిమిషంలోనే ఎత్తుపల్లాలు ఎక్కువ. ఆ ఆలస్యం అందుకోసమే. ఈ వస్తువు ధర ఒక మోస్తరు హెచ్‌డీఎంఐ తీగ ధరకు అటూ ఇటూగా ఉంటుంది. పది వేల పెట్టె కంటే ముందు దీన్నే కొనమంటాను.

కొత్తగా కట్టిన ఇళ్లలో త్రీఫేజు మీటర్లు పెరిగాయి. అక్కడ ప్రమాదం వీధిలోనే కాదు, ఇంట్లోనూ ఉంది. హాలు ఒక ఫేజు, పడకగది ఒక ఫేజు, వంటిల్లు ఒక ఫేజు. మీటరు దగ్గర మన న్యూట్రల్ వదులైతే మన గీజరే మన టీవీని కాలుస్తుంది. అలాంటి ఇంట్లో మూడు ఫేజులనూ చూసే ప్రొటెక్టర్ పెట్టాలి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం, లోపలి వైరు రాగి. ఈ రెండూ కలిసే చోట ఎండకూ లోడుకూ వేడెక్కి, చల్లారి, మరలు వదులవుతాయి. ఏడాదికోసారి, ఎండాకాలానికి ముందు, మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో ఆ మరలు బిగించుకోండి.

రాతి నేలలో ఎర్తింగ్

రెండో మెట్టు మట్టి. ఇక్కడే మన ప్రాంతం కష్టమైనది. పైన జానెడో మూరెడో ఎర్ర చల్క, కింద గ్రానైటు. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడు నింపి తరాల ఎముకలు వంచిన రాయి ఇదే. తడి లేని రాయి కరెంటును తీసుకోదు. పైపు ఎర్తింగ్‌కు కనీసం రెండున్నర మీటర్ల పైపు నిలువుగా దింపాలని భారత ప్రమాణం చెబుతుంది. మన దగ్గర రెండు మూరలు తవ్వగానే గునపం ఖంగుమంటుంది. మేస్త్రీ అక్కడే ఆపి ముక్క పాతేస్తాడు. వానాకాలంలో అది పనిచేసినట్టే ఉంటుంది. మార్చి వచ్చేసరికి ఎండిపోతుంది. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరా, ఇంటి పక్క గుంతలోనూ బిందెడు నీళ్లు పోసే అలవాటు మనవాళ్లకు ఊరికే రాలేదు.

"సార్, అర్తింగ్ బరాబర్ ఉన్నది, బల్బు వెలుగుతున్నది చూడుండ్రి" అంటాడు ఎలక్ట్రీషియన్, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి. ఆ పరీక్షను నమ్మొద్దు. వంద వాట్ల బల్బు గుంజేది అర ఆంపియరు కన్నా తక్కువ. ఎర్త్ నిరోధం 50 ఓములున్నా ఇరవై వోల్టులే నష్టం. బల్బు దాదాపు నిండుగానే వెలుగుతుంది. మనకు కావాల్సింది ఐదు ఓముల లోపు. ఎర్త్ టెస్టర్ ఉన్నవాళ్లను పిలిచి కొలిపించాలి, అదీ ఏప్రిల్‌లో. రాయి తగిలితే ఒకే గుంతతో పోరాడే కన్నా రెండు మూడు గుంతలు దూరం దూరంగా తీసి బెంటోనైట్ నింపి అన్నిటినీ కలపడం మేలు. బట్టలుతికే నీళ్లు, చెట్ల నీళ్లు ఇంకే వైపు గుంత తీస్తే ఏడాదంతా తడి నిలుస్తుంది. కరెంటు లీకయితే తీగను కోసేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. అది టీవీ కోసం కాదు, పిల్లల కోసం.

సెట్‌టాప్ బాక్సు వెనుక డిష్ వైరు మర తిప్పుతుంటే వేళ్లకు జిల్లుమనడం అందరికీ అనుభవమే. ఎర్త్ లేని పరికరాల్లోని ఫిల్టర్ కెపాసిటర్లు లోహపు భాగాన్ని ఫేజుకూ న్యూట్రల్‌కూ సగం దారిలో, అంటే 115 వోల్టుల దగ్గర తేలేట్టు చేస్తాయి. ఆంపియర్లు చాలా తక్కువ కాబట్టి జిల్లుతో పోతుంది. ఖరీదైన కండిషనర్ల లోపల ఉండేవి ఇలాంటి ఫిల్టర్లే, ఇంకాస్త పెద్దవి. అవి తమ చెత్తను ఎర్త్‌లోకి తోస్తాయి. ఎర్త్ చచ్చిపోయి ఉంటే ఆ చెత్త యాంప్లిఫయర్ ఒంటి మీదికే వస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో కండిషనర్ ఉపకారం చేయదు, జిల్లును పెంచుతుంది.

ఇక పిడుగు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలూ వానాకాలం వెళ్లిపోయే రోజులూ ఇక్కడ ప్రమాదకరమైనవి. చేలల్లో, చెట్ల కింద మనుషులు చనిపోతున్న చోట టీవీ గురించి రాయడం చిన్నమాటే. ముందుగా చెప్పాల్సింది పుణె ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ గురించి. చుట్టుపక్కల పిడుగుల ముప్పు ఉంటే అది హెచ్చరిస్తుంది. ఫోన్లో ఉంచుకోండి. నెత్తిన పడే పిడుగును ఏ పెట్టే ఆపదు. దూరాన తీగ మీద పడి మన ఇంటిదాకా పరుగెత్తే దెబ్బను మాత్రం మెయిన్ బోర్డులోని ఎస్‌పీడీ అనే సర్జ్ రక్షణ పరికరం ఆపగలదు. దీన్ని కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి. దాని మీద రాసిన నిరంతర వోల్టేజీ 275 కాకుండా 320 గానీ అంతకు పైన గానీ ఉండాలి, లేకపోతే ఒక్క హై వోల్టేజీ రాత్రికే అలసిపోతుంది. రెండోది, దాని వైర్లు మొత్తం కలిపి అర మీటరు దాటకూడదు. ఒక మీటరు పొడవు వైరుకు దాదాపు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. మెరుపు కరెంటు మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్లు పెరిగితే ఆ ఒక్క మీటరులోనే వెయ్యి వోల్టులు నిలబడతాయి. అందంగా చుట్టలు చుట్టిన రెండు మీటర్ల ఎర్త్ వైరు ఎస్‌పీడీని బొమ్మగా మారుస్తుంది. మా బోర్డులో నేను మొదట చూసింది అలాంటి చుట్టనే.

పిడుగుకు రెండో దారి డిష్. డాబా మీది గొడుగు నుంచి కోయాక్సియల్ వైరు సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీలోకి, రిసీవర్‌లోకి. ఉరుముల వాన తర్వాత టీవీ బతికే ఉండి హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే చచ్చిపోతే దారి ఇదే. కరెంటు వైపు ఎంత గట్టి తలుపు పెట్టినా ఈ కిటికీ తెరిచే ఉంటుంది. గొడుగు స్తంభాన్ని ఇంటి ఎర్త్‌తో కలపాలి. ఇంటర్నెట్ ఫైబరు గాజే అయినా కొన్ని తీగల్లో బలానికి ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని గోడ బయటే కత్తిరించమని చెప్పండి.

పెట్టెలు, ఒక్కొక్కటిగా

ఈ రెండు మెట్లు ఎక్కాకే పెట్టె మాట. మామూలు రిలే స్టెబిలైజర్ మెట్లు మెట్లుగా వోల్టేజీని మారుస్తుంది, మారేటప్పుడు టక్కుమంటుంది. మీ చిట్టాలో అంకెలు రోజూ 180 కిందికి దిగుతుంటే రిసీవర్‌కు ఇది పనికొస్తుంది. హై కటాఫ్, ఆలస్యం రెండూ ఉన్నది తీసుకోండి. స్పైకులను ఇది ఆపదు.

సర్వో స్టెబిలైజర్ గురించి దుకాణంలో ఒక్క శాతం తేడాతో నిలబెడుతుందని చెబుతారు. నిజమే, నిలకడగా ఉన్నప్పుడు. దాని లోపల చిన్న మోటారు బ్రష్షును జరుపుతుంది. జరగడానికి సమయం పడుతుంది. లైను 160 దగ్గర ఉంటే అది ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పెంచి 230 ఇస్తుంటుంది. సరిగ్గా అప్పుడే ఊరి మోటార్లన్నీ ఆగి లైను ఒక్కసారిగా 230కి లేచిందనుకోండి. బ్రష్షు వెనక్కి వచ్చేదాకా మన పరికరానికి అందేది 330. బోర్లున్న ఊళ్లలో ఇది ఊహ కాదు. సర్వో పెడితే దాని అవుట్‌పుట్ వైపు ఓవర్ వోల్టేజీ కటాఫ్ తప్పనిసరి.

1938లో అమెరికాలో జోసెఫ్ సోలా కనిపెట్టిన స్థిర వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్‌ను మన దగ్గర సీవీటీ అన్నారు. కదిలే భాగం లేదు, స్పైకులను మెత్తగా మింగుతుంది. కానీ కొలిమిలా వేడెక్కుతుంది, గుంయ్‌మని మోగుతుంది. సినిమా చూసే గదిలో దానికి చోటు లేదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేయదు గానీ శబ్దాలను బాగా వడగడుతుంది. మిల్లుల పక్కన, వెల్డింగ్ షాపుల పక్కన ఇల్లున్నవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను.

ఇంటింటా ఉన్న ఇన్వర్టర్‌ను చాలామంది రక్షణగా భావిస్తారు. లైను కరెంటు ఉన్నంతసేపూ అది ఉన్నదున్నట్టు లోపలికి పంపిస్తుంది. దాని వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ వేస్తే హద్దులు కాస్త బిగుస్తాయి, మార్పు వేగమవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌ను నడపకండి. అది వేడెక్కుతుంది, గరగరలాడుతుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఫర్వాలేదు.

అన్నిటి కన్నా పూర్తి చికిత్స ఆన్‌లైన్ యూపీఎస్. వచ్చిన కరెంటును డీసీగా మార్చి, మళ్లీ కొత్తగా 230 వోల్టుల అలను తయారుచేసి ఇస్తుంది. లో, హై, కోతలు ఏవీ టీవీకి తెలియవు. లాంపు ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకైతే ఇది అవసరమే. లాంపు ఆరిన తర్వాత కూడా ఫ్యాను కొంతసేపు తిరిగి చల్లార్చాలి. మధ్యలో కరెంటు పోతే లాంపు ఆయుష్షు పోతుంది. లోపాలు రెండు. దీని ఫ్యాను మోగుతుంది, కాబట్టి గది బయట పెట్టి వైరు లోపలికి తేవాలి. బ్యాటరీలకు 25 డిగ్రీలు ఇష్టం; ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. నల్లగొండ మే ఎండలో మెట్ల కింద మూసిన అరలో పెట్టారంటే ప్రతి రెండో ఏడూ బ్యాటరీలు కొనాల్సిందే. పరిమాణం విషయంలో భయపడనక్కరలేదు. 55 అంగుళాల టీవీ 100 నుంచి 150 వాట్లు, ప్రొజెక్టర్ 300, మామూలుగా వినేటప్పుడు రిసీవర్ 150 లోపు. ఒక కేవీఏ యూపీఎస్ చాలు. పెద్ద పవర్ యాంప్లిఫయరూ సబ్‌వూఫరూ స్విచ్ వేసిన క్షణంలో భారీగా గుంజుతాయి. వాటిని యూపీఎస్ మీద వేయకుండా ప్రొటెక్టర్ దాటి వచ్చిన లైను మీదే ఉంచండి.

ఇక ఆడియో దుకాణాల్లోని కండిషనర్. నేను చెప్పగలిగింది ఇంతే: అందులో మంచి ఫిల్టరు, మంచి సర్జ్ రక్షణ, గట్టి సాకెట్లు ఉంటే దాని విలువ దానికి ఉంది. 'గుయ్' చప్పుడు తగ్గుతుందని కొంటే మాత్రం నిరాశే ఎదురవుతుంది. మన ఇళ్లలో ఆ గుయ్ చాలాసార్లు కరెంటు నుంచి రాదు. డిష్ వైరు ఒక ఎర్త్‌కు, యాంప్లిఫయర్ ఇంకో ఎర్త్‌కు ముడిపడి, ఆ రెంటి మధ్య తేడా స్పీకర్లలో 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. డిష్ వైరు పీకి చూడండి. మోత ఆగితే కావాల్సింది కోయాక్సియల్ ఐసోలేటర్. అన్ని పరికరాలనూ ఒకే బోర్డు నుంచి, ఒకే ఎర్త్ మీద నడపండి. మోత పోవడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉన్నారు. అది ప్రాణాలతో చెలగాటం, ఎవరు చెప్పినా వినకండి. చిటపట అయితే ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌నూ చవక ఎల్‌ఈడీ బల్బులనూ ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడి పేరున్న సర్జ్ ప్రొటెక్టర్లనూ కండిషనర్లనూ తెస్తారు. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు. వాటిలోని వేరిస్టర్లు చాలావరకు 150 వోల్టులకు చేసినవి. మన సాకెట్‌లో పెట్టిన మరుక్షణం పొగే. అక్కడి యాంప్లిఫయర్‌ను స్టెప్‌డౌన్ కన్వర్టర్ మీద నడపొచ్చు. కానీ 60 హెర్ట్జ్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. గాలి ఆడేలా పెట్టాలి. వాళ్ల పెట్టె మీద రాసిన 'కాలిపోతే డబ్బు తిరిగి ఇస్తాం' అన్న హామీ మన ఊరికి వర్తించదని కూడా తెలుసుకోవాలి. మన దగ్గర కొన్న టీవీల వారంటీ కార్డుల్లోనూ వోల్టేజీ హెచ్చుతగ్గుల నష్టాన్ని మినహాయించడం మామూలే.

మా ఇంట్లో చివరికి పెట్టుకున్నది చెబుతాను. మీటరు పక్కన ప్రొటెక్టర్, దాని వెంట అరమీటరు వైర్లతో ఎస్‌పీడీ, బట్టల రాయి పక్కన మూడు గుంతల ఎర్తింగ్, మెట్ల పక్క గాలి ఆడే చోట ఒక కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్. స్టెబిలైజర్ కొనలేదు; పట్టణం మధ్యలో చిట్టా అంకెలు బాగానే ఉన్నాయి. ఆడియో కండిషనర్ కొనలేదు. దేవరకొండ వైపో అచ్చంపేట వైపో, బోర్ల మధ్య ఇల్లయితే యూపీఎస్ ముందు రిలే స్టెబిలైజర్ కూడా పెట్టేవాణ్ని.

పోయిన మే నెలలో మళ్లీ గాలి లేచింది. సినిమా నడుస్తున్నది. ప్రొటెక్టర్ మీద అంకె 231 నుంచి ఒక్కసారిగా మూడు వందలు దాటడం గుమ్మంలో నిలబడ్డ మా అబ్బాయి చూశాడు. టక్‌మంది, లైట్లూ ఫ్యాన్లూ ఆగిపోయాయి. యూపీఎస్ మీద సినిమా నడుస్తూనే ఉంది. లేచి టీవీ ఆపాను, డిష్ వైరు పీకాను, పక్కిళ్లకు ఫోన్లు చేసి మెయిన్లు దింపమన్నాను. 1912కు చెప్పాక గంటన్నరకు లైన్‌మన్ వచ్చాడు. స్తంభమెక్కి న్యూట్రల్ బిగించి, దిగి, "ఇగ ఏసుకోండ్రి" అన్నాడు. మెయిన్ వేశాను. అంకె 228 దగ్గర నిలబడింది. మూడు నిమిషాలు ఆగి ఇల్లంతా వెలిగింది.